కొరియా కథలలో పగయు, రెండవ బ్రదుకును
(మన సంఘపు నెలవారి సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ మాటు ప్రసంగమునకు కొరియా దేశపు టెలివిజన్ కథలను విషయముగ తీసికొంటిమని తెలిసినప్పుడు పెద్దలు కొందరు నవ్విరి. తెలుగు సంఘములో కొరియా యేల యని ఒకరు అడుగనే అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే. మా సమాధానము చిన్నది. రాత్రి భోజనములైన పిమ్మట మన యిండ్లలో ఏమి జరుగుచున్నదో ఒకమారు చూడుడు. పిల్లలు ఫోనులలోను, కోడండ్రును కూతుండ్రును గోడమీది టీవీలోను, ఒక్కొక్కచోట అమ్మమ్మలు గూడ జపమాల ప్రక్కనబెట్టియు ఈ కథలనే చూచుచున్నారు. చూచువారిని మందలించుట సులభము. ఏల చూచుచున్నారో తెలిసికొనుటకు కొంత శ్రమ పడవలెను. ఆ శ్రమ మేము కొంత పడితిమి.

కొరియా సీరియళ్ళలో ప్రేమకథలు కలవు, దయ్యముల కథలు కలవు, రాజుల కథలు కలవు. వాని నన్నిటిని నేడు ముట్టము. ఒక్క తెగను మాత్రమే విచారింతము. పెద్ద కంపెనీవారిచేత అన్యాయము పొందినవాడు, పోయిన కాలమును మరల పొందియో, లేక అణగద్రొక్కబడిన చోటనుండి మరల లేచియో, తుదకు ఆ కంపెనీనే చేజిక్కించుకొను కథలు ఈ తెగలోనివి. కాలమున వెనుకకు పోయి మరల బ్రదుకు కథలకు వారి భాషలో 'హ్వెగ్వి' అను ప్రత్యేకమైన పేరే ఏర్పడినది. మరలివచ్చుట యని దాని యర్థము. అంతర్జాలమున భాగములు భాగములుగ వెలువడు కొరియా నవలలలో ఇది యొక పెద్ద శాఖ.

ఉదాహరణమునకు 'రీబార్న్ రిచ్' అను సీరియలును చూతము. 2022 నవంబరున మొదలై డిసెంబరున ముగిసిన పదునారు భాగముల కథ. కొరియా పేరున కర్థము చేబొల్ ఇంటి కడగొట్టు కుమారుడని. కథానాయకుడు యూన్ హ్యూన్ వూ పేదయింటివాడు. సూన్యాంగ్ అను మహావ్యాపార కుటుంబమున కొలువు చేయును. పేరునకు కంపెనీ అధికారియే గాని, చేయు పని ఆ యింటివారి తప్పులు కప్పిపుచ్చుట, వారి చిల్లర పనులు చక్కబెట్టుట. ప్రశ్నింపరాదు, కాదనరాదు, తగునా తగదా యని తలపోయరాదు. ఇవి అతని కొలువునకు మూడు నియమములు. ఇంత నమ్మకముగ కొలిచినవానిని, విదేశమున దాచిన రహస్యధనమును తెచ్చుటకై పంపి, ఆ పని మీద నున్నప్పుడే చంపింతురు. అతడు కన్ను తెరచునప్పటికి అది 1987వ సంవత్సరము. తాను ఆ యింటనే, పెద్దాయన యిష్టమునకు వ్యతిరేకముగ నటీమణిని పెండ్లాడిన కొడుకునకు పుట్టిన చిన్న మనుమడు, జిన్ దో జూన్.

చచ్చినవాడు మరల పుట్టుట మనకు క్రొత్త కాదు. పుట్టినవాడు జరుగబోవు ముప్పదియైదేండ్ల చరిత్రను తలలో నుంచుకొని పుట్టుట యిందలి చమత్కారము. 1987 నవంబరున ఆకాశమున ప్రేలిన కొరియా విమానమును తాతగారు ఎక్కకుండ ముందుగ హెచ్చరించును. ఆ యేటి అధ్యక్ష ఎన్నికలలో గెలుపెవరిదో అతనికి తెలియును. బహుమానముగ ఏమి కావలెనని తాతగారు అడిగినప్పుడు, సియోలు నగరమునకు వెలుపల నున్న బుందాంగ్ భూమిని కోరుకొనును. అప్పటికది పొలము. 1989లో ప్రభుత్వము అచ్చట క్రొత్త నగరము కట్టింతుమని ప్రకటించినది. ఆ ధనమును డాలర్లుగ మార్చుకొని 1997వరకు కాచుకొని యుండును.

ఇచ్చట ఒక మాట. మద్రాసులోగాని బెంగుళూరులోగాని ముప్పదియేండ్ల క్రిందట కొనక విడిచిన స్థలము కథ లేని కుటుంబము మన సంఘమున ఒక్కటియైన కలదా? మా నాయన ఆనాడు ఒక్కమాట సరే యనియుండిన బాగుండెడిదని మనము చెప్పుకొను మాటలను ఆ కొరియా రచయిత విన్నట్లే యున్నది. ఈ కథలకు గల మొదటి ఆకర్షణ పగ కాదనియు, తెలిసియుండుట యనియు మాకు తోచుచున్నది. తక్కినవారందరు చీకటిలో తడవుచుండగా ఒక్కడు మాత్రము దారి చూచుచున్నాడు. అట్టివానితో కూడ నడచుట చూచువారికి ఎంత హాయి!

అయితే ఈ కథలు కొరియాలోనే ఏల పుట్టవలెను? దీనికి ఆ దేశపు వర్తకచరిత్ర కొంత తెలియవలెను. చేబొల్ అనునది ధనము, వంశము అను రెండక్షరముల కూర్పు; జపానువారి జైబత్సు అను మాటకును అవే అక్షరములు. ఒకే కుటుంబము చేతిలో ఓడలు, ఉక్కు, మోటారుకార్లు, బట్టలు, బీమా, ఆసుపత్రులు, అంగళ్ళు అన్నియు నుండుట చేబొల్ లక్షణము. 1960లనుండి ప్రభుత్వము తక్కువ వడ్డీకి అప్పులిచ్చి ఈ కుటుంబములను పెంచినది. దేశమును వానితో కూడ పెరిగినది. కాని కంపెనీ షేర్లు ఊరివారివి, అధికారము ఇంటివారిది. తాత, తండ్రి, మనుమడు అను వరుసలో గద్దె దిగుచుండును.

1997లో ఈ కట్టడమునకు పునాది కదలినది. జనవరిలో హన్‌బో ఉక్కు కంపెనీ కూలినది. జూలైలో కియా మోటారు కంపెనీ అప్పులు తీర్చలేని స్థితికి వచ్చినది. నవంబరు 21న ప్రభుత్వము అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయింప వలసివచ్చినది. 1999లో దేవూ అను మహాసంస్థయే చెదరిపోయినది. లక్షలమంది ఉద్యోగములు కోల్పోయిరి. అప్పు తీర్చుటకై 1998 ఆరంభమున ప్రజలు తమ యిండ్లలోని బంగారము తెచ్చి యిచ్చిరి. పెండ్లి ఉంగరములు, బిడ్డ తొలి పుట్టినరోజున చుట్టములు పెట్టిన చిన్ని ఉంగరములు గూడ ఇచ్చిరి. సుమారు 35 లక్షలమంది పాల్గొనగా 227 టన్నుల బంగారము ప్రోగైనదని చెప్పుదురు. ద్రవ్యనిధి అప్పును 2001 ఆగస్టునాటికి గడువుకు ముందే తీర్చివేసిరి. బంగారము విలువ మన తల్లులకు ఒకరు చెప్పవలెనా? ఆ స్త్రీలు చేతి ఉంగరము తీసి యిచ్చిన యేడే, వారి మగవారిని కంపెనీలు ఇంటికి పంపినవి. ఆ గాయము మానలేదు. సీరియలులో హాందో ఉక్కు, అజిన్ మోటార్లు అని పేర్లు మార్చి చూపినది ఈ కథనే. మొదటి జన్మలోని నాయకుని తండ్రి ఆ అజిన్ మోటార్ల కార్మికుడు, పని పోయినవాడు.

ఈ కియా కథకు మనవైపు కొనసాగింపు కూడ కలదు. దివాలా తీసిన కియాను 1998లో హ్యుండాయివారు కొనిరి. ఆ యేడే మద్రాసునకు చేరువ శ్రీపెరుంబుదూరు ప్రక్కన హ్యుండాయి కార్లు తయారగుట మొదలైనది. మన సంఘపు కుటుంబములవంటి తెలుగు కుటుంబముల పిల్లలు ఎందరో అచ్చట కొలువు చేసిరి, చేయుచున్నారు. 2019లో కియా కర్మాగారము పెనుకొండ చేరువకు వచ్చినది. తళ్ళికోట యుద్ధము పిమ్మట విజయనగర ప్రభువులు రాజధాని చేసికొన్న పెనుకొండయే యది. ఆ ప్రభువుల కాలముననే మన పూర్వులలో పలువురు దక్షిణమునకు తరలివచ్చిరి గదా. కావున సియోలులోని ఛైర్మన్‌గారి గది కథ మనకు మరీ దూరపు కథ కాదు.

గాయమునకు తోడు న్యాయము మీద అపనమ్మకము గలదు. శామ్‌సంగ్ అధిపతి లీ కున్ హీ నేరనిర్ణయమైన పిమ్మట 2009 డిసెంబరున అధ్యక్షుని క్షమాభిక్ష పొందెను. ఆయన కుమారుడు లీ జే యాంగ్ లంచపు కేసులో శిక్షపడి, 2022 ఆగస్టున క్షమాభిక్ష పొందెను. 'రీబార్న్ రిచ్' ప్రదర్శన మొదలైనది ఆ మూడు నెలలకే. కడపటి భాగమును 26.9 శాతము గృహములు చూచినవని లెక్క తేలినప్పుడు, కోర్టులో చూడలేని తీర్పును జనులు టీవీలో చూడగోరిరని మే మనుకొంటిమి.

వారి భాషలో 'గాప్‌జిల్' అను మాట గలదు. ఒప్పందపు కాగితములో మొదటి పక్షమును 'గాప్' అనియు రెండవ పక్షమును 'ఉల్' అనియు వ్రాయుదురు. పనియిచ్చువాడు గాప్, పనిచేయువాడు ఉల్. తాను గాప్ నను అహంకారముతో చేయు దౌర్జన్యము గాప్‌జిల్. 2014 డిసెంబరున న్యూయార్కు విమానాశ్రయమున ఒక విమాన కంపెనీ ఛైర్మన్ కుమార్తె, పప్పులు పళ్ళెరములో గాక పొట్లముతో తెచ్చిరని కోపించి, కదలిన విమానమును వెనుకకు మరలించెను. తనచేత మోకాళ్ళూనించిరని ఆ విమానపు ఉద్యోగి చెప్పెను. కొరియా దేశమంతయు మండిపడినది. ఉద్యోగస్థలమున వేధింపులను నిషేధించు చట్టము 2019 జూలైలో అమలునకు వచ్చినది.

ఈ మోకాళ్ళూనుట యను విషయమే 2020లో వచ్చిన 'ఇటెవాన్ క్లాస్'నకు ప్రాణము. చిత్రకథగా వ్రాసిన జో గ్వాంగ్ జిన్ తానే దీనికి సంభాషణలు కూర్చెను. పార్క్ సెరోయి అను కుర్రవాడు క్రొత్తగ చేరిన బడిలో, తోటివానిని హింసించుచున్న ధనికుని కొడుకును కొట్టును. ఆ ధనికుడు జాంగ్ దే హీ, సెరోయి తండ్రి ఇరువదియేండ్లుగ పనిచేయుచున్న హోటళ్ళ కంపెనీకి అధిపతి. మోకాళ్ళూని క్షమాపణ చెప్పిన చాలు, అంతయు మరచెదననును. కుర్రవాడు ఊనడు. బడి పోవును, తండ్రి ఉద్యోగము పోవును, పిమ్మట ఆ కొడుకే నడిపిన కారు క్రింద తండ్రియే పోవును. సెరోయి చెరసాలకు పోయి, బయటికి వచ్చి, ఏడేండ్లు చెమటోడ్చి, చిన్న పూటకూళ్ళ కొట్టు పెట్టును. ఆ కొట్టులో చేరినవారెవరు? జైలునుండి వచ్చినవాడొకడు, మగవాడుగ పుట్టి స్త్రీగ బ్రదుకగోరిన వంటమనిషి యొకతె, కొరియా తండ్రికిని ఆఫ్రికాలోని గినీ దేశపు తల్లికిని పుట్టిన టోనీ. ఈ టోనీ కొరియా భాష మాటలాడును. అయినను చూచినవాడెల్ల పరదేశివనును. ఎన్ని తరములైనను మీ సొంతవూరు ఏదని అడిగించుకొను మనకు, ఆ కుర్రవాని ముఖము చూచినప్పుడు మనసు కొంత కలుక్కుమనును.

ఆ కథ తుదిని మోకాళ్ళూనువాడు జాంగ్ దే హీ. అంతకుమునుపే, తన చెలి ప్రాణము కాపాడుటకై, సెరోయి తానే ఒకమారు మోకాళ్ళూనును. తనకై ఊననివాడు ఇంకొకరికై ఊనుట ఆ కథలో మాకు అన్నిటికంటె మెచ్చదగినదిగ తోచినది. ముసలివాడు ఊనినప్పుడో, అన్నియు పోయిన పిమ్మట చెప్పు క్షమాపణకు విలువ లేదని సెరోయి దానిని గైకొనడు. వ్యాపారముగనే ఆ కంపెనీని కొనును.

ఇక మన తెలుగువారి రుచి యెటువంటిది? పగ కథలు మనకు తక్కువయా! అంబ మరల పుట్టి శిఖండియై భీష్ముని పడగొట్టినది. శకుని కౌరవుల కొలువున చేరి వారినే కూల్చెనని, తండ్రి యెముకలతో పాచికలు చేసికొనెనని జనులు చెప్పుకొను కథ వ్యాసుని భారతమున లేకున్నను, మన అరుగులమీద నేటికిని బ్రదికియే యున్నది. శత్రువు కంపెనీలోనే కొలువు చేరి దానిని కూల్చు కొరియా నాయకుడు ఈ శకునికి వేలువిడిచిన చుట్టము. 2012లో రాజమౌళి తీసిన 'ఈగ'లో ధనవంతుడైన వ్యాపారి చంపిన పేదకుర్రవాడు ఈగయై పుట్టి పగ తీర్చుకొనెను. కావున మనయింటి పిల్లలు కొరియా కథను చూచి వెంటనే యొప్పుకొనుటలో వింత లేదు.

భేద మొకటి కలదు. మన పునర్జన్మము ముందునకు పోవును. చేసిన కర్మము వెనుక నుండును, దానిని మార్చరాదు. కొరియా పునర్జన్మము వెనుకకు పోవును, జరిగినదానినే మార్చబూనును. 2024లో వచ్చిన 'మ్యారీ మై హస్బెండ్' అను కథలో మాత్రము కొంత మన వాసన గలదు. భర్తచేతను స్నేహితురాలిచేతను మోసపోయి చచ్చిన కాంగ్ జీ వన్ అను ఉద్యోగిని పదేండ్లు వెనుకకు పోయి మేలుకొనును. అయితే ఆమెకు జరిగిన కీడు ఉత్తగ తొలగిపోదు. ఎవరికో యొకరికి జరిగియే తీరవలెను. తన దురదృష్టమును అక్షరాల వేరొకరికి అప్పగింపవలెను. కర్మఫలము చెరగదు, చేతులు మారును. ఆ చిత్రమైన నియమమును మన పెద్దలు విని తల పంకింపక మానరు.

ద్రోణుని సంగతి తలపునకు తెచ్చుకొనుడు. చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడు కొలువులో అవమానించెను. ద్రోణుడు ఏండ్లకొలది కాచి, శిష్యులచేత అతనిని పట్టించి, సగము రాజ్యము తాను పుచ్చుకొని సగము తిరిగి యిచ్చెను. కొరియా సీరియలైన ఇచ్చటనే ముగియును. షేర్లలో సగము మనవైనవి, మంగళము. భారతము ముగియదు. ఆ సగము రాజ్యము గల ద్రుపదుడు యజ్ఞము చేసి ధృష్టద్యుమ్నుని కనెను. ఓడినవాని యింట మరునాటి ఉదయ మెట్లుండునో కొరియావారు సాధారణముగ చూపరు. ఇది ఈ కథలలో మాకు కనుపించిన కొరత.

'రీబార్న్ రిచ్' ఆ కొరతను కొంత తీర్ప జూచినది. అందులకే అచ్చటి ప్రేక్షకుల కోపమునకు గురియైనది. నాయకుడు తాతగారి యింట పెరిగినకొలది తాతనే పోలుచు వచ్చును. ఆ తాత జిన్ యాంగ్ చుల్ పాత్రను ధరించిన లీ సంగ్ మిన్ నటన చూడదగినది. బియ్యపు మరనుండి పైకి వచ్చిన ముసలివాడు. కఠినుడు, చతురుడు, మాటలో పల్లెటూరి యాస విడువనివాడు. ఆయన కారును లారీతో గుద్దింప జూచినది కట్టుకొన్న భార్యయే యని తెలిసిన పిమ్మట ఆ ముఖమున కనబడు ఒంటరితనమును మాటలలో చెప్పజాలము. పగ తీర్చుకొనవచ్చినవాడే ఆయనను ప్రేమించును. జరుగబోవునది యంతయు తెలిసినను, తన మొదటి జన్మపు తల్లిని కాపాడలేకపోవును. తుదకు దో జూన్ గెలువబోవు వేళకు లారీ క్రింద పడి చచ్చును. నాయకుడు మరల యూన్ హ్యూన్ వూగ మేలుకొనును. ఇరువదియేండ్ల క్రిందట నిజమైన దో జూన్ చావున తనకును తెలియక తానొక పావు అయితినని, తాను గడిపిన ఆ రెండవ బ్రదుకు పశ్చాత్తాపమే యని గ్రహించి, విచారణసభలో సాక్ష్యము చెప్పును. మూలమైన నవలలో ఇట్లు లేదు. అందు గెలుపే గలదు. పదునైదు భాగములు ఊరించి కడపట మోసగించిరని జనులు గోలపెట్టిరి. మేము మాత్రము ఆ ముగింపు పక్షమున నున్నాము. హడావిడిగ చుట్టిపెట్టిన మాట నిజమే. అయినను, నేను కాదనలేదు, అడుగలేదు అన్నవాడు ఒకనాడు లేచి నేనును ఉంటినని చెప్పుట, వేయి షేర్లు కొనుటకంటె కష్టమైన పని.

ఇదే లీ సంగ్ మిన్ 2014లో 'మిసెంగ్' అను వేరొక సీరియలున ఓ సాంగ్ షిక్ అను చిన్న అధికారిగ నటించెను. అందు పగయును లేదు, పునర్జన్మయును లేదు. బదుక్ ఆటలో వృత్తిక్రీడాకారుడు కాలేకపోయిన ఒక యువకుడు పెద్ద చదువు లేకయే వర్తక కంపెనీలో తాత్కాలికోద్యోగిగ చేరును. బాగుగ పనిచేయును. అయినను తుదకు ఉద్యోగము స్థిరము కాదు. ఇంకను బ్రదుకని పావు అని ఆ పేరున కర్థము. తాత్కాలికోద్యోగుల గడువును రెండేండ్లనుండి నాలుగేండ్లకు పెంచవలెనను ప్రభుత్వ ప్రతిపాదనకు ఆ యేటి చివర జనులు ఆ యువకుని పేరే పెట్టిరి, మెచ్చి కాదు. పగ కథలు చూచి వేడెక్కిన మన యువకులు దీనిని కూడ చూచిన మంచిది. ఆఫీసులలో జరుగు అవమానములు నూటికి తొంబది ఇట్లే, పగ తీరకయే గడచును.

కడపట, మన సంఘమునకు సొంతమైన విషయము భాష. కొరియా భాషలో ఎదుటివాని వయస్సు, పదవి, చుట్టరికము తెలియక వాక్యము ముగింపజాలరు. క్రియ చివరనే గౌరవము కూర్చుండును. కొలువులో 'హోజాంగ్‌నిమ్' అన ఛైర్మన్‌గారు. ఇంట 'హరాబొజి' అన తాతయ్య. యూన్ హ్యూన్ వూగ నున్నప్పుడు ఎవనిని వైస్‌ఛైర్మన్‌గారని తలవంచి పిలిచెనో, దో జూన్‌గ పుట్టిన పిమ్మట వానినే 'హ్యంగ్' అని, అనగా అన్నయ్యా అని పిలుచును. పగ అచ్చటనే సగము తీరినది! ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళలో ఈ రెండును 'యూ' అను ఒక్క మాటగ చదునైపోవును. మన తెలుగులోనో, నీవు, నువ్వు, మీరు, తమరు కలవు. అండీ కలదు, ఒరే కలదు, రా కలదు. మీరు నుండి నువ్వునకు దిగిన క్షణమున గదిలో గాలి మారుట మన చెవికి చెప్పకయే తెలియును. తమిళమునకును కన్నడమునకును ఈ శక్తి గలదు. కావున ఇరుగుపొరుగువారికిని ఈ కథలు అంతగ అంటుచున్నవి.

ఇప్పుడు కొన్ని కొరియా సీరియళ్ళను తెలుగు మాటలతోను ఇచ్చుచున్నారు. మన పిల్లలు చాలమంది తెలుగు చదువజాలరు. తమిళనాట 2006 చట్టము పిమ్మట బడిలో తెలుగునకు చోటు ఎంత ఇరుకైనదో తల్లిదండ్రులకు మేము చెప్పనక్కరలేదు. చదువలేని పిల్లలకు తెలుగు చెవిమార్గముననే రావలెను. ఇంట వారు వినునది అన్నము తింటివా, బడికి పోతివా యను నాలుగు మాటలు. ఛైర్మన్‌తో ఎట్లు మాటలాడవలెను, వకీలుతో ఎట్లు వాదింపవలెను, అవమానించినవానికి గౌరవము చెడకుండ ఎట్లు బదులు చెప్పవలెను అను తెలుగు వారి చెవిని పడుటలేదు. కొరియా కథ ద్వారమున అది వచ్చిన, రానిండు. ఇంగ్లీషు అక్షరములు తీసివేసి, తెలుగు మాట పెట్టుకొని, ఇంటిల్లిపాది కూడి చూడుడు. ఆ తెలుగులో తప్పులుండిన, మన యింట ఇట్లనరు, ఇట్లందురు అని తాతమ్మలు దిద్దవలెను. మన కుటుంబములు కాచుకొన్న పాతమాటలకు అదియొక పని యగును.

ఏ సీరియలు మొదట చూడవలెనని కొందరు తల్లులు వ్రాసి పంపిరి. చిన్నపిల్లలు గల యిండ్లలో ఈ పగ కథలు వలదు. వానిలో కొట్లాటలు, హత్యలు, త్రాగుడు మెండు. పదునెనిమిది నిండినవారితో 'మిసెంగ్' మొదలుపెట్టుడు, పిమ్మట 'రీబార్న్ రిచ్'. వెనుకబెంచీలలోని యువకులు ఆ ముగింపును గూర్చి మాతో వాదింప సిద్ధముగ నున్నట్లు కనుపించుచున్నది. ఇంకను పావుగంట కలదని అధ్యక్షులవారు సెలవిచ్చుచున్నారు. అడుగుడు.